అపార్ట్‌మెంటు లేస్తోంది, చూసేదెవరు? రోజూ ఉండే మనిషా, స్లాబు స్లాబుకూ వచ్చే ఇంజినీరా?

నల్లగొండలో మా మేనల్లుడు తన 900 గజాల స్థలాన్ని డెవలప్‌మెంటుకు ఇచ్చాడు. స్టిల్టు, దాని మీద ఏడంతస్తులు, ఫ్లాట్లలో సగం వాటా. పునాది గుంతలు తవ్వుతున్న వారంలో మా ఇంటికి వచ్చి, టీ చల్లారకముందే అడిగేశాడు. "మామా, సైటు మీద రోజంతా ఉండే మనిషిని జీతానికి పెట్టుకోవాలా, లేక స్లాబు పోసే ముందు వచ్చి చూసే ఇంజినీరును మాట్లాడుకోవాలా? కెమెరాలు పెడితే రెండూ అక్కర్లేదని కూడా కొందరు అంటున్నారు. ఏది మేలు?"

బిల్డరుకు సొంత ఇంజినీరు ఉన్నాడు కదా, ఆయన సరిపోడా అని ఎదురు అడిగాను. "ఆయనకు జీతమిచ్చేది బిల్డరు కదా" అన్నాడు. సగం జవాబు వాడి దగ్గరే ఉందన్నమాట.

సైటు ఇంజినీర్లను తక్కువ చేసి మాట్లాడటం నాకిష్టం లేదు. నేనూ ఆ పని చేసినవాణ్నే. చదువుకున్న కుర్రాళ్లు, తప్పు కనపడితే గుర్తుపడతారు. కానీ రెడీమిక్స్ లారీలు గేటు దగ్గర బారులు తీరాక, బీము కడ్డీల చుట్టూ కట్టే రింగుల దూరం సరిగా లేదని పోత ఆపించగలిగిన ఇరవై నాలుగేళ్ల కుర్రాణ్ని నా సర్వీసులో ఒక్కణ్నే చూశాను. అతను ఆ తర్వాత ఆ సైటులో ఎక్కువ కాలం లేడు.

ప్రభుత్వం చూస్తుందిలే అనుకునేవాళ్లూ ఉన్నారు. మున్సిపాలిటీ చూసేది ప్లాను ప్రకారం కడుతున్నారా, చుట్టూ ఖాళీ వదిలారా, అదనపు అంతస్తు లేపారా అన్నది. బీముల్లో కడ్డీలు లెక్కపెట్టడం వాళ్ల పని కాదు. 2016 నాటి రెరా (స్థిరాస్తి నియంత్రణ) చట్టం గురించి కూడా ఇలాంటి భ్రమే ఉంది. 500 చదరపు మీటర్ల స్థలం దాటినా, ఎనిమిది ఫ్లాట్లు దాటినా ప్రాజెక్టును నమోదు చేయాలి. కొనుగోలుదారుల డబ్బులో 70 శాతం విడి ఖాతాలో ఉంచాలి. అందులోంచి తీయాలంటే ఇంజినీరు, ఆర్కిటెక్టు, చార్టర్డ్ అకౌంటెంటు ధ్రువపత్రాలు ఇవ్వాలి. ఆ ఇంజినీరు పత్రం చూసి నాణ్యత తనిఖీ అయిపోయిందని సంబరపడతారు. పని ఎంత శాతం పూర్తయిందన్నదే అందులో ఉండేది, ఎంత బాగా పూర్తయిందన్నది కాదు. నిర్మాణ లోపాలకు ఐదేళ్ల బాధ్యత కూడా చట్టంలో ఉంది, మంచిదే. కాకపోతే అది అప్పగించిన తర్వాతి సంగతి.

కాబట్టి సొంతంగా ఒక కన్ను కావాలి. ఎవరి కన్ను?

రోజూ ఉండే మనిషితో మొదలుపెడతాను. అతని విలువ తెలియాలంటే పోత రోజు మధ్యాహ్నం రెండు గంటలకు సైటుకు వెళ్లాలి. పొద్దుట చూపించిన శ్రద్ధ అప్పటికి సగం కరిగిపోయి ఉంటుంది. కాంక్రీటు గట్టిగా ఉంది, పంపులో కదలడం లేదని ఎవరో ఒకరు 200 లీటర్ల డ్రమ్ము నీళ్లు లారీలో పోయిస్తారు. ఏమవుతుందో లెక్క వేసి చూపిస్తాను. లారీలో 6 ఘనమీటర్లు, ఘనమీటరుకు 350 కిలోల సిమెంటు, 175 లీటర్ల నీళ్లు అనుకుంటే, కాంక్రీటు బలాన్ని తేల్చే నీటి-సిమెంటు నిష్పత్తి 0.50. డ్రమ్ము కలిపాక ఘనమీటరుకు 33 లీటర్లు పెరిగి, నిష్పత్తి 0.60 దగ్గరికి చేరుతుంది. కాంక్రీటు పనికి మన దేశ ప్రమాణమైన ఐఎస్ 456 సాధారణ వాతావరణానికి సైతం 0.55 దాటనివ్వదు. ఆ లారీ కాంక్రీటు ఏ బీములోకి వెళ్లిందో సాయంత్రానికి ఎవరికీ తెలియదు. డ్రమ్ము దగ్గర నిలబడి "వద్దు" అనే మనిషి ఆ నిమిషంలో అక్కడ ఉండాలి. మర్నాడు వచ్చే ఇంజినీరు ఎంత పెద్ద చదువు చదివినా ఏమీ చేయలేడు.

రెండోది క్యూరింగ్, అంటే పోసిన కాంక్రీటును ముదిరేదాకా తడిగా ఉంచడం. మిర్యాలగూడ, వాడపల్లి వైపు సున్నపురాయి ఉన్నందుకు సిమెంటుకు మన దగ్గర కొదవ లేదు. కొదవంతా నీళ్లకే. మామూలు సిమెంటయితే కనీసం ఏడు రోజులు, వేడి పొడి వాతావరణంలో పది రోజులు తడి ఆరకూడదు. ఇప్పుడు ఎక్కువగా వాడే పీపీసీ (బూడిద కలిపిన సిమెంటు) లాంటి మిశ్రమ సిమెంట్లకు 14 రోజులు మంచిదని అదే ఐఎస్ 456 చెబుతుంది. మే నెల నల్లగొండ ఎండలో పొద్దున ఒకసారి, సాయంత్రం ఒకసారి పైపుతో తడిపితే అది క్యూరింగ్ కాదు, స్నానం. మడులు కట్టి నీళ్లు నిలపాలి, కాలమ్‌లకు గోనెపట్టా చుట్టాలి, ఆదివారం కూడా తడపాలి. ఆదివారం సైటుకు వచ్చే ఇంజినీరును నేను చూడలేదు.

నీళ్లంటే మరో మాట. ఫ్లోరైడ్ నీళ్లతో కాంక్రీటు పాడవుతుందా అని మన జిల్లాలో నన్ను అడగనివాళ్లు లేరు. మన మోకాళ్లను, పళ్లను పాడుచేసింది కనుక ఆ భయం సహజం. కానీ కాంక్రీటు నీటికి ప్రమాణంలో పరిమితి పెట్టింది క్లోరైడ్లకు, సల్ఫేట్లకు, ఆమ్లగుణానికి. ఇనుము వేసే కాంక్రీటుకు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటిన క్లోరైడ్లు పనికిరావు, కడ్డీ తుప్పు పడుతుంది. బోరు నీళ్లు వాడేటట్లయితే ముందే ఒక సీసాలో పట్టి ప్రయోగశాలకు పంపండి. చాలా చిన్న ఖర్చు.

ఇక మూడోది. అంతస్తులు పెరిగేకొద్దీ నన్ను అన్నిటికన్నా భయపెట్టేది ఇదే: కింది అంతస్తుల ఊతకర్రలు. 150 మిల్లీమీటర్ల పచ్చి స్లాబు చదరపు మీటరుకు దాదాపు 375 కిలోల బరువు. ఇళ్లలో స్లాబును మనుషులు, సామాన్ల కోసం డిజైను చేసేది సుమారు 200 కిలోలకు. అంటే కొత్త స్లాబు భారమంతా ఇంకా ముదరని కింది స్లాబు ఒక్కటే మోస్తే, దానికి డిజైనులో రాసిన బరువుకు దాదాపు రెట్టింపు పడినట్టు. అందుకే ఊతలు కనీసం రెండంతస్తుల కింది వరకూ నిలబడి ఉండాలి. స్లాబు వెడల్పు నాలుగున్నర మీటర్ల లోపయితే ఏడు రోజులు, దాటితే 14, ఆరు మీటర్లు దాటిన బీములకు 21 రోజులు ఊతలు తీయకూడదన్నది నియమం. సెంట్రింగ్ కాంట్రాక్టరుకు మాత్రం ఆ జాకీలు, రేకులు మరో సైటులో కావాలి, అద్దె లెక్క నడుస్తోంది. తీసేది రాత్రిపూట. రెండంతస్తుల ఇంటికి ఇది చిన్న విషయం. ఎనిమిదో స్లాబుకు చిన్న విషయం కాదు.

ఇంత చెప్పాను కనుక రోజూ ఉండే మనిషే మేలని తేల్చానని మేనల్లుడు అనుకున్నాడు. లేదు. అతనికి రెండు లోపాలున్నాయి. ఒకటి, డ్రాయింగు చదవలేకపోవచ్చు. ఎన్ని కడ్డీలో లెక్కపెడతాడు గానీ, బీము కడ్డీ కాలమ్‌లోకి ఎంత లోతు పోవాలి, అతుకు ఎక్కడ రాకూడదు అన్నది అతనికి అందదు. రెండోది ఇంకా చిక్కు. మూడు నెలలు గడిచేసరికి బిల్డరు మనుషులతోనే కూర్చుని భోజనం చేస్తుంటాడు. లంచం అని కాదు. రోజూ మొహాలు చూసుకునేవాళ్ల మీద రోజూ ఫిర్యాదు చేయడం మనిషికి కష్టం.

ఇంజినీరు దగ్గర ఈ రెండు లోపాలూ తక్కువ. అతను వచ్చే సమయం మాత్రం ఒకటే కావాలి: కడ్డీ కట్టడం పూర్తయి, కాంక్రీటు ఇంకా పడని ఆ కొన్ని గంటలు. ఇల్లు మొత్తం మీద నిజం కంటికి కనపడేది అప్పుడే.

మహబూబ్‌నగర్‌లో ఒక సైటుకు నేను అలాగే వెళ్లాను. స్లాబు కడ్డీల జాలీ చక్కగా ఉంది, దాన్ని అడుగు నుంచి ఎత్తి ఉంచే కవర్ బ్లాకులు కూడా ఉన్నాయి. బీముల మీద పై కడ్డీలను ఎత్తి పట్టే చైర్లు మాత్రం చాలలేదు. కూలీలు తట్టలతో, పంపు పైపులతో వాటి మీదే నడుస్తారు కాబట్టి, పోత అయ్యేలోపు అవి కిందికి అణిగిపోవడం ఖాయం. 125 మిల్లీమీటర్ల ఎత్తులో పనిచేయాల్సిన కడ్డీ 95కు దిగితే అక్కడ స్లాబు బలం దాదాపు పావు వంతు పోయినట్టే, కడ్డీ ఖర్చు మాత్రం పైసా తగ్గదు. అక్కడి సూపర్‌వైజరు నిజాయతీపరుడే, రోజూ అక్కడే ఉన్నాడు, కడ్డీలు రెండుసార్లు లెక్కపెట్టాడు. లెక్క సరిపోయింది కనుక ఆయన దృష్టిలో అంతా సరిగ్గా ఉంది. అదే సైటులో రింగుల కొక్కేలు 90 డిగ్రీలకే వంచి ఉన్నాయి. 135 డిగ్రీలకు వంచి లోపలికి తిప్పాలి. మన ప్రాంతం భూకంపాల రెండో జోనులో ఉంది కనుక అది తప్పనిసరి కాదని బిల్డరు వాదించాడు. తప్పనిసరి కాకపోవచ్చు, అయినా ఇంకొంచెం వంచితే పోయేదేముందన్నాను. మళ్లీ వంచారు, నన్ను తిట్టుకుంటూ.

ఇంజినీరు లోపం తెలిసిందే, వెళ్లిపోతాడు. సంతకం పెట్టి కారెక్కాక వచ్చే నీళ్ల డ్రమ్ము, వైబ్రేటరు పెట్టి కుదపకుండా వదిలిన కాలమ్ మూల, ఇవి అతనికి తెలియవు. షట్టర్లు ఊడదీశాక హనీకూంబ్ (తేనెపట్టులా బొరియలు) బయటపడితే, అతను మళ్లీ వచ్చేలోపు దాని మీద సిమెంటు పూసేసి ఉంటారు.

క్యూబుల దగ్గరైతే, అంటే బలం పరీక్షకు పోసే కాంక్రీటు దిమ్మల దగ్గర, ఇద్దరూ కావాలి. మేనల్లుడి స్లాబు 400 చదరపు మీటర్లు, బీములతో కలిపి సుమారు 90 ఘనమీటర్లు. ప్రమాణం ప్రకారం ఐదు నమూనాలు, నమూనాకు మూడు చొప్పున 15 క్యూబులు, 28వ రోజున పరీక్ష. ఏడో రోజుకు చూడాలనుకుంటే అదనం. పోసేటప్పుడు వేర్వేరు లారీల నుంచి తీయించాల్సింది సైటు మనిషి, ఫలితం చదవాల్సింది ఇంజినీరు. ఒకే లారీ నుంచి పదిహేనూ తీసి, వాటికి విడిగా బాగా కుదిపి, నీళ్ల తొట్టిలో పెట్టి ముద్దు చేసే సైట్లు నాకు తెలుసు. ఆ క్యూబులు బాగానే పాసవుతాయి. ఇల్లు క్యూబులతో కట్టరు.

కెమెరాల గురించి రెండు మాటలు చాలు. సిమెంటు బస్తా దొంగతనానికి, రాత్రి ఊతలు తీస్తున్నారేమో చూడటానికి పనికొస్తాయి. కడ్డీ కింద కవర్ 20 మిల్లీమీటర్లుందా, పదుందా అన్నది ఏ కెమెరాకూ కనపడదు.

ఇప్పుడు తీర్పు. ఒక్కరిని పెట్టుకునే డబ్బే ఉంటే నా ఓటు ఇంజినీరుకే, అదీ ఒక షరతు మీద. బిల్డరుతో ఒప్పందంలోనే రాయించుకోవాలి: ప్రతి పోతకూ ఒక పోర్ కార్డు ఉండాలి, దాని మీద మన ఇంజినీరు సంతకం లేకుండా కాంక్రీటు పడకూడదు. ఆ వాక్యం లేని ఇంజినీరు ఫీజు తీసుకునే అతిథి. పునాదులు పడ్డాక ఆ వాక్యం రాయించాలంటే బిల్డరు నవ్వుతాడు, ముందే అడగాలి.

ఐదంతస్తులు దాటితే మాత్రం ఒక్కరితో కాదు. జాతీయ భవన నియమావళి 15 మీటర్లకే ఎత్తయిన భవనం అంటుంది. మేనల్లుడిది ప్లానులోనే దాన్ని దాటేసింది. ఊతలు, క్యూరింగ్, పోతల కోసం రోజూ ఉండే మనిషి కావాల్సిందే. అయితే కొత్తగా డిప్లొమా చేసిన కుర్రాణ్ని పెట్టుకోవద్దన్నాను. పాలమూరు నుంచి దేశమంతా తిరిగి ప్రాజెక్టులు కట్టి, వయసు పైబడి ఊరు చేరిన మేస్త్రీలు ఇప్పటికీ ఉన్నారు. వైబ్రేటరు చప్పుడు విని కాంక్రీటు కూరుకుందో లేదో చెప్పేస్తారు. పైగా ఇప్పుడు మన సైట్లలో పని చేసేవాళ్లలో ఒడిశా, బీహార్ కుర్రాళ్లు చాలామంది ఉన్నారు. ఊరూరా తిరిగిన మేస్త్రీకి వాళ్లతో హిందీలో మాట్లాడటం, అవసరమైతే అరవడం కూడా వచ్చు. అతను ఇంజినీరుకు ఫోనులో ఫొటోలు పంపాలి, జీతం మాత్రం మేనల్లుడే ఇవ్వాలి.

ఆ ఇంజినీరు మీరే కావాలని మేనల్లుడు పట్టుబట్టాడు. కుదరదన్నాను. చుట్టం మాటను బిల్డరు చుట్టరికంగానే వింటాడు. నాకు తెలిసిన, వాడికి తెలియని ఒకాయనను చూపించాను.

మొదటి పునాది రోజు పొద్దున ఏడింటికి ఫోను. ఇంజినీరు వచ్చాడట, జాలీ కింద 50 మిల్లీమీటర్ల కవర్ బ్లాకులుండాల్సిన చోట 25వి పెట్టారట, కార్డు మీద సంతకం పెట్టనంటున్నాడట. లారీ వచ్చి నిలబడింది, బిల్డరు గొంతు పెద్దదవుతోంది.

"మామా, ఈ ఒక్కసారికి పెట్టేయమని మీరు ఒక మాట చెప్పండి" అన్నాడు మా మేనల్లుడు.

లారీ చలానా మీద టైమెంత ఉందని అడిగాను. ఆరున్నర అన్నాడు. నింపినప్పటి నుంచి రెండు గంటలు ఆగుతుంది, గంటన్నర ఉంది, ఆ లోపు బ్లాకులు మార్పించమని చెప్పి ఫోను పెట్టేశాను.