వెలిసిన స్లైడ్లకు జింపా, డార్క్‌టేబులా?

తిరుపతి ఇళ్ల బీరువాల్లోని పాత ఎక్టాక్రోమ్ (కొడాక్ రంగుల ఫిల్మ్) స్లైడ్లు చాలావరకు ఎర్రబారి ఉంటాయి. వాటిలో సయాన్ (నీలి-ఆకుపచ్చ) రంగు వెలిసిపోవడమే కారణం. స్లైడ్ పాజిటివ్ కాబట్టి నెగటివ్‌లా తిరగేసే పని లేదు, స్కాన్ చేశాక సరిచేయాల్సింది రంగునే. అందుకు జింప్, డార్క్‌టేబుల్ అనే రెండు ఉచిత ఫోటో ఎడిటింగ్ సాఫ్ట్‌వేర్లు ఉన్నాయి.

జింప్‌లో కలర్స్ మెనూలోని లెవెల్స్ తెరిచి ఎరుపు, ఆకుపచ్చ, నీలం మూడు చానళ్లనూ విడివిడిగా చూడండి. ఎరుపు చానల్లో హిస్టోగ్రామ్ (నలుపు నుంచి తెలుపు దాకా వెలుగు ఎంతెంత ఉందో చూపే గ్రాఫ్) ఎడమ అంచుకు దూరంగా మొదలవుతుంది; నలుపు పిడిని అక్కడిదాకా జరిపితే నీడల్లోని ఎరుపు పోతుంది. స్కాన్ మాత్రం 16 బిట్ టిఫ్ (TIFF) ఫైలుగా ఉండాలి. 8 బిట్‌లో చానల్‌కు 256 మెట్లే, అంత లాగితే చంద్రగిరి కోట మీది ఆకాశం పట్టీలు పట్టీలుగా విడిపోతుంది. బూజు మచ్చలు ఎక్కువగా ఉంటే మచ్చను పక్క భాగంతో కప్పేసే హీల్ టూల్ కోసమైనా జింపే మేలు.

డార్క్‌టేబుల్ ఒరిజినల్ ఫైలును ముట్టుకోదు, మార్పులను పక్కనే ఎక్స్‌ఎంపీ (XMP) అనే చిన్న ఫైల్లో రాస్తుంది. బ్రహ్మోత్సవాల రోల్లో 36 స్లైడ్లూ ఒకేలా వెలిసి ఉంటే ఒకదాన్ని సరిచేసి, ఆ హిస్టరీని (చేసిన మార్పుల జాబితాను) మిగతావాటికి అతికిస్తే సరి. పెట్టెలకు పెట్టెలు ఉన్నవాళ్లకు ఇదే దారి. రాత్రి వాహనసేవ స్లైడ్లను మాత్రం ఆ గుంపులో కలపకండి. అక్కడి పసుపు వెలిసిన రంగు కాదు, పగటి వెలుతురు కోసం చేసిన డేలైట్ ఫిల్మ్ మీద పడ్డ బల్బు వెలుతురు.