భీమవరంలో పిల్లల కౌన్సెలింగ్ కేంద్రం: పన్నెండు సిట్టింగుల అనుభవం

మా అమ్మాయి పదో తరగతి మంచి మార్కులతో పాసై, పాలకొల్లులో ఇంటర్ మొదటి సంవత్సరంలో చేరిన నెల రోజులకే తరగతిలో నోరు విప్పడం మానేసింది. హాజరు పిలిచినప్పుడు కూడా చెయ్యెత్తేదే తప్ప పలికేది కాదు. ఒక లెక్చరర్ అందరి ముందూ తన ఉచ్చారణను అనుకరించి నవ్వించారన్న సంగతి రెండు నెలలు గడిచాక గాని మాకు తెలియలేదు. "వయసుతో పాటు అదే పోతుందిలే" అన్న బంధువులే ఎక్కువ. చివరికి భీమవరంలో పిల్లలకూ యువతకూ కౌన్సెలింగ్ చేసే ఒక చిన్న కేంద్రానికి తీసుకెళ్లాం. నాలుగు నెలల్లో పన్నెండు సిట్టింగులు అయ్యాయి. ఇలాంటి చోటికి వెళ్లాలా వద్దా అని తేల్చుకోలేకపోతున్న తల్లిదండ్రుల కోసం అక్కడ చూసినది రాస్తున్నాను.

ముందుగా నేను చూసినది కౌన్సెలర్ గారి అర్హత. మన దేశంలో క్లినికల్ సైకాలజిస్టులు రిహాబిలిటేషన్ కౌన్సిల్ ఆఫ్ ఇండియాలో నమోదై ఉండాలి. ఆ నమోదు పత్రం గోడకే తగిలించి ఉంది, అడిగితే విసుక్కోకుండా వివరించారు కూడా. మందులు తాను రాయనని, అవసరమనిపిస్తే సైకియాట్రిస్టు దగ్గరికి పంపుతానని మొదటే చెప్పారు. అమ్మాయి చెప్పే మాటలు, ప్రాణానికి ముప్పు ఉన్నదైతే తప్ప, మాకు చేరవేయనని కూడా అప్పుడే స్పష్టం చేశారు. కన్నతల్లికి ఆ షరతు మింగుడుపడేది కాదు, కానీ అది లేకపోతే మా అమ్మాయి రెండో సిట్టింగుకు వచ్చేది కాదని ఇప్పుడు అర్థమవుతోంది.

మొదటి సిట్టింగులో అమ్మాయితో పాటు నన్నూ కూర్చోబెట్టారు. తనను అడిగిన ప్రశ్నకు నేను జవాబు చెప్పినప్పుడల్లా కౌన్సెలర్ గారు తన పుస్తకం అంచున పెన్సిలుతో ఒక గీత గీసుకున్నారు. ముప్పావుగంట అయ్యాక ఆ పేజీని నావైపు తిప్పారు. పదకొండు గీతలున్నాయి. "మీ తప్పు పట్టడం లేదండీ. తను ఇబ్బంది పడకూడదనే మీరు మాట్లాడుతున్నారు. కానీ 'ఇది నా వల్ల కాదని అమ్మకు కూడా తెలుసు' అని తను అనుకుంటుంది" అన్నారు. పదహారేళ్లుగా ప్రేమ అనుకుని చేసిన పని నాకు ఆ గీతల్లో కనిపించింది, ఆ రోజు తిరుగు బస్సులో నేనేమీ మాట్లాడలేకపోయాను.

అక్కడ అనుసరించేది కాగ్నిటివ్ బిహేవియరల్ థెరపీ, అంటే ఆలోచనలనూ ప్రవర్తననూ కొద్దికొద్దిగా మార్చుకునే చికిత్స. 1960లలో ఆరన్ బెక్ అనే అమెరికన్ సైకియాట్రిస్టు డిప్రెషన్ రోగుల కోసం రూపొందించిన ఈ పద్ధతిని తరువాత భయాలకు, ఆందోళనకు కూడా వాడుతూ వచ్చారు. "ధైర్యం వచ్చాక మాట్లాడదాం" అని మా అమ్మాయి అనుకునేది. మాట్లాడితేనే ధైర్యం వస్తుందన్నది వీరి పద్ధతి. నువ్వు చేయగలవని పక్కవాళ్లు చెప్పే మాట కంటే, తాను చేసి నెగ్గిన అనుభవమే మనిషికి తన మీద ఎక్కువ నమ్మకం కలిగిస్తుందని ఆల్బర్ట్ బండూరా అనే మనస్తత్వవేత్త 1977లోనే రాశారట. మా ఇంట్లో నాలుగు నెలల పాటు జరిగింది అక్షరాలా అదే.

అమ్మాయి చేతనే, తనకు భయం కలిగించే పనులతో పది మెట్ల పట్టిక రాయించారు. ఒక్కో పనికి ముందు భయం వందకు ఎంతో, చేసిన తరువాత ఎంతో తనే వేసుకోవాలి. మొదటి మెట్టు బస్సులో టికెట్టు అడగడం. ఆడవాళ్లకు ప్రయాణం ఉచితమే అయినా ఆధార్ చూపించి, దిగే ఊరు చెప్పి జీరో టికెట్టు తీసుకోవాలి కదా, అంతవరకూ ఇద్దరికీ నేనే చెప్పేదాన్ని. నాలుగో మెట్టు క్షీరారామం గుడి ముందు కొట్లో కొబ్బరికాయ ధర అడిగి, "ఇంకొంచెం తగ్గించండి" అనడం. దానికి ముందు తను వేసుకున్న అంకె 80. నేను పది అడుగుల దూరంలో నిలబడ్డాను. మొదటిసారి ఆ మాట కొట్టాయనకు వినపడలేదు, "ఏంటమ్మా?" అన్నాడు. నా కాలు ముందుకు కదిలింది, ఆపుకున్నాను. తను మళ్లీ అంది, ఈసారి కాస్త గట్టిగా. ఆయన ధర తగ్గించలేదు. అయినా తను తిరిగివచ్చి కాగితం మీద 30 అని రాసింది. ధర తగ్గనందుకు నేను నొచ్చుకుంటే, కౌన్సెలర్ గారు మాత్రం అదే మంచిదన్నారు: కాదనిపించుకున్నా ఏమీ కాలేదని తనకు తెలిసింది.

అదే కేంద్రంలో మా అక్క కొడుకు ఆరు సిట్టింగులు చేశాడు. ఇంజనీరింగు పూర్తిచేసి ఇంటర్వ్యూలలో తడబడేవాడు. ఉత్తుత్తి ఇంటర్వ్యూ పెట్టి, ఫోనులో వీడియో తీసి చూపించారు. చేతులు వణకడం అందరికీ కనిపిస్తోందని వాడి బెంగ. వీడియోలో ఆ వణుకు ఎక్కడా కనిపించలేదు. చిన్నపిల్లలకు వేరే ఆటగది ఉంది, అక్కడ ఏ ఆట ఆడాలన్నది పిల్లల ఇష్టమే.

లోపాలు కూడా చెప్పాలి. వెయిటింగ్ హాలులో పేరు, వచ్చిన కారణం పైకి చదువుతారు, ఒకరి సంగతి ఊరంతా తెలిసే మా ప్రాంతంలో ఇది చాలా పొరపాటు. చెప్పాక కారణం చదవడం మానేశారు గాని పేరు ఇంకా పిలుస్తూనే ఉన్నారు. అభ్యాస పత్రాలన్నీ ఇంగ్లీషులో ఉన్నాయి, మా అమ్మాయి తన పట్టికను తెలుగులో మళ్లీ రాసుకుంది. ఆదివారం సెలవు కావడంతో ప్రతిసారీ కాలేజీ మానాల్సి వచ్చింది. సిట్టింగుకు 800 రూపాయల చొప్పున మొత్తం 9,600 అయ్యాయి, కౌలు రైతు ఇంటికి ఇది చిన్న మొత్తం కాదు. అంత పెట్టుకోలేనివారు కేంద్ర ప్రభుత్వం 2022 అక్టోబరు 10న ప్రారంభించిన మానసిక ఆరోగ్య ఫోను సేవ టెలీ మానస్‌కు, 14416 నంబరుకు, ఏ వేళలోనైనా ఉచితంగా ఫోను చేసి తెలుగులో మాట్లాడవచ్చు.

పదో మెట్టు, అంటే తరగతి ముందు నిలబడి ఐదు నిమిషాలు పాఠం చెప్పడం, ఇంకా మిగిలే ఉంది. తొమ్మిదో మెట్టు దగ్గర రెండుసార్లు వెనక్కి కూడా తగ్గింది. వచ్చే నెల సిట్టింగుకు నిన్న కేంద్రానికి తనే ఫోను చేసి టైము తీసుకుంది.