పాత టేకు పలకలతో దూలం: జిగురా, బోల్టులా?

నల్లగొండ, పాలమూరు పల్లెల్లో పాత మిద్దెలు కూల్చినప్పుడల్లా మంచి టేకు పలకలు బయటపడుతున్నాయి. వాటిని దయచేసి పొయ్యిల పెట్టకండి. రెండు మూడు కలిపితే వరండా రేకులు మోసే దూలం అవుతుంది. జిగురుతో కలపాలా, బోల్టులతోనా అన్నది మాత్రం పలకలు పడుకుంటాయా, నిలబడతాయా అన్నదాన్ని బట్టి ఉంటుంది.

ఒకదానిమీద ఒకటి పడుకోబెట్టిన పలకలు, బరువు పడి వంగేటప్పుడు ఒకదానిపై ఒకటి జారుతాయి. ఆ జారుడు లేకుండా అతికిస్తే రెండు పలకల జత విడి జత కంటే నాలుగింతలు బిర్రుగా ఉంటుంది. మూడైతే తొమ్మిదింతలు. బోల్టు ఎంత బిగించినా రంధ్రంలో కాస్త సందు మిగులుతుంది కాబట్టి జారుడు పూర్తిగా ఆగదు. ఇక్కడ జిగురే కావాలి.

అదీ తలుపులకు వాడే తెల్ల జిగురు కాదు. ఎప్పుడూ బరువు మీద ఉంటే అది మెల్లగా సాగుతుంది, మే నెలలో రేకుల కింది వేడికి మెత్తబడుతుంది కూడా. దూలాలకు సరిపడే రిసార్సినాల్ లాంటి జిగురు తేవాలి. టేకులో నూనె ఉంటుంది. అందుకే అతికించే రోజే రందా పట్టి, ఎసిటోన్‌తో తుడిచి, ఆలస్యం చేయకుండా జిగురు రాయాలి. పొడవునా క్లాంపులు బిగించాలి. పాత మేకు ఒక్కటి మిగిలినా రందా బ్లేడు పోతుంది. ఇంత పని ఊళ్లో చెట్టు కింద కుదరదు, మంచి వర్క్‌షాప్ ఉండాలి.

పలకలను అంచు మీద నిలబెట్టి పక్కపక్కన చేరిస్తే లెక్క మారిపోతుంది. ప్రతి పలకా తన వంతు బరువు తానే మోస్తుంది, జారే పనే లేదు. బోల్టులు వాటిని కలిపి ఉంచితే చాలు. నేనైతే ఇంటి దగ్గర చేసే పనికి ఇదే ఎంచుకుంటాను. ఊరి వడ్లాయన ఒక డ్రిల్ మిషన్‌తో చేసేస్తాడు, రేపు ఒక పలకకు చెద పడితే విప్పి మార్చుకోవచ్చు.

పొట్టి పలకలుంటే అతుకులన్నీ ఒకేచోట పడనివ్వొద్దు, దూలం నడుమ అసలే వద్దు. అతుకున్న చోట ఆ పలక బరువు మోయదని లెక్కేసుకోవాలి. ఏటవాలుగా కోసి జిగురుతో పొడవు పెంచడమూ ఉంది, కానీ ఒకటికి ఎనిమిది వాలు పెడితే అంగుళం మందం పలకకు ఎనిమిది అంగుళాల పొడవు అతుకులోనే పోతుంది.

బోల్టులను పైకీ కిందికీ మార్చి మార్చి వేయండి. రెండు వైపులా వెడల్పు వాషర్లు పెట్టండి. టేకు వానలకు ఉబ్బి ఎండలకు కుంచించుకుంటుంది కాబట్టి మొదటి ఎండాకాలం పోయాక నట్లన్నీ ఒకసారి మళ్లీ బిగించండి.