పిల్లల గదికి ఎత్తయిన డ్రాయర్ యూనిట్ కొనేవాళ్లు జాగ్రత్త

ఇంట్లో చిన్నపిల్లలుంటే బట్టలు, బొమ్మలు సర్దడంతోనే సగం రోజు గడిచిపోతుంది. ఆ అవస్థ చూసే ఆన్‌లైన్‌లో ఐదు డ్రాయర్ల యూనిట్లు తెగ అమ్ముతున్నారు, పిల్లలే తీసుకుంటారు, పిల్లలే సర్దుకుంటారు అని. అలాంటి యూనిట్ మియాపూర్‌లోని మా ఫ్లాట్‌లో మూడేళ్ల పాప ఎక్కుతుండగా ముందుకు పడిపోయింది. మంచం అంచు అడ్డుపడబట్టి పాపకు ఏమీ కాలేదు. తలచుకుంటే ఇప్పటికీ గుండె దడదడలాడుతోంది.

పై డ్రాయర్‌లో ఉన్న గౌను కోసం కింది రెండూ బయటికి లాగి, వాటి మీద కాళ్లు పెట్టి ఎక్కింది. అసలు ప్రమాదం అక్కడే ఉంది. డ్రాయర్లు మూసి ఉన్నంతసేపు యూనిట్ గట్టిగానే నిలబడుతుంది. రెండు మూడు ఒకేసారి తెరిస్తే బరువంతా ముందుకు వస్తుంది, పిల్ల బరువు కూడా తోడైతే ఇక ఆగదు. ఫోటోలో గానీ, షోరూమ్‌లో ఖాళీగా నిలబెట్టి ఉన్నప్పుడు గానీ ఇది మనకు తెలియదు.

పడ్డాక దగ్గరగా చూశాం. వెనక పలక పల్చటి అట్టలా వంగుతోంది. డ్రాయర్లకు స్టాపర్ లేదు, లాగితే మొత్తం చేతిలోకి వచ్చేస్తోంది. ఒక స్క్రూ ఊడిన చోట వేలు పెడితే రంపపు పొట్టు రాలింది. గోడకు బిగించే పట్టీ అట్టపెట్టెలో అసలు రాలేదు, యూనిట్ బిగించే సూచనల పేపర్‌లో దాని మాటే లేదు. అమ్మినవాళ్లకు ఫోన్ చేస్తే "రిటర్న్ గడువు అయిపోయింది మేడం" అన్నారు. పిల్ల మీద పడబోయిన వస్తువుకి రిటర్న్ గడువేమిటండీ?

ఇది మా ఒక్కరి ఇంట్లోనే జరిగింది అనుకోకండి. ఇలా యూనిట్లు మీద పడి పిల్లలు చనిపోయాక 2016లో అమెరికాలో ఫర్నిచర్ కంపెనీ ఐకియా దాదాపు 2 కోట్ల 90 లక్షల డ్రాయర్ యూనిట్లను రీకాల్ చేసింది, అంటే అమ్మినవాటిని వెనక్కి పిలిచింది. 2022 చివర్లో అక్కడ దీనికోసం చట్టమే వచ్చింది. డ్రాయర్లు తెరిచి, సుమారు 27 కిలోల వరకు పిల్లల బరువు పడినట్టు పెట్టి పరీక్షించాలని ఆ చట్టం చెబుతుంది.

కాబట్టి కొనే ముందు గోడకు బిగించే పట్టీ వస్తుందా అని రాతపూర్వకంగా అడగండి. సమాధానం రాకపోతే ఆ వస్తువు వద్దు. పట్టీ వచ్చినా, మన కొత్త అపార్ట్‌మెంట్లలో చాలా గోడలు తేలికపాటి సిమెంట్ బ్లాకులవి, స్క్రూ కోసం గోడలో దూర్చే మామూలు ప్లగ్ వాటిలో వదులైపోతుంది. ఆ గోడకు సరిపడే ప్లగ్ వేయమని కార్పెంటర్‌కి ముందే చెప్పాలి. అద్దె ఇల్లయి ఓనర్ డ్రిల్ వేయనివ్వకపోతే ఎత్తయిన యూనిట్ జోలికే వెళ్లకండి.

మేము ఇప్పుడు బేగంబజార్‌లో కొన్న మూతల్లేని ప్లాస్టిక్ డబ్బాలు నేల మీదే వరసగా పెట్టాం. ఒక దాంట్లో రేపటి స్కూల్ బట్టలు, ఒక దాంట్లో బొమ్మలు. పాప కూర్చునే తీసుకుంటుంది. సీజన్ బట్టలు సజ్జ మీదకి వెళ్లిపోయాయి. చూడ్డానికి అందంగా ఉండదు, కానీ నాకు టెన్షన్ లేదు.

ఇప్పటికే కొని ఇబ్బంది పడుతున్నవాళ్లు ఆర్డర్ బిల్లు, ఊడిన భాగాల ఫోటోలు దాచుకోండి. ఆన్‌లైన్ అమ్మకందారుడి ఫిర్యాదుల అధికారి 48 గంటల్లో మీ ఫిర్యాదు అందినట్టు చెప్పాలి, నెలలోపు పరిష్కరించాలి. 2020 నాటి ఈ-కామర్స్ నిబంధనల్లో ఇది స్పష్టంగా ఉంది. కదలిక లేకపోతే 1915కి ఫోన్ చేయండి, అది జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్. ఈలోపు ఆ యూనిట్ పిల్లల గదిలో ఉంటే, పై డ్రాయర్లలో బరువులు తీసేసి, ఈ రాత్రికే దాన్ని వాళ్లకు అందని చోటికి జరిపేయండి.