పాత కారే ఉంచుకోవాలా, కొత్తది కొనాలా? పర్యావరణానికి ఏది మేలు?

కారుకు పదేళ్లు దాటితే చాలు, చుట్టూ ఉన్నవాళ్లు మొదలుపెడతారు. "ఇంకెన్నాళ్లు లాగిస్తావు, కొత్తది తీసుకో, పొగ కూడా తగ్గుతుంది" అంటారు. కొత్త ఇంజిన్ లీటరుకు నాలుగైదు కిలోమీటర్లు ఎక్కువ ఇస్తుంది కాబట్టి ఆ మాట నిజమేననిపిస్తుంది. కానీ ఆ కొత్త కారు తయారై మన గుమ్మం ముందుకు వచ్చేలోపే ఎంత పొగకు కారణమైందో ఎవరూ అడగరు. పద్నాలుగేళ్లుగా ఒకే పెట్రోలు కారు నడుపుతున్నదాన్ని. ఈ ప్రశ్న చాలాకాలం మనసులో నలిగింది. చివరికి కాగితం, పెన్ను తీసుకుని లెక్కకు కూర్చున్నాను.

లీటరు పెట్రోలు కాలితే సుమారు 2.3 కిలోల కార్బన్ డయాక్సైడ్ వస్తుంది. లీటరు పెట్రోలు తూగేదే ముప్పావు కిలో, మరి అంత బరువు ఎక్కడిదని మొదట నాకూ అనుమానం వచ్చింది. కాలేటప్పుడు గాలిలోని ఆక్సిజన్ వచ్చి కలుస్తుంది, ఆ బరువు దానిది. నా కారు లీటరుకు 15 కిలోమీటర్లు ఇస్తుంది, అంటే కిలోమీటరుకు 153 గ్రాములు వదులుతోంది. 20 ఇచ్చే కొత్త కారైతే 115 గ్రాములు వదులుతుంది. కొత్తది కొంటే కిలోమీటరుకు మిగిలేది 38 గ్రాములు.

ఇక తయారీ సంగతి. బొగ్గుతో నడిచే కొలిమిలో టన్ను ఉక్కు తీస్తే దాదాపు 2 టన్నుల కార్బన్ డయాక్సైడ్ వెలువడుతుంది. దానికి అల్యూమినియం, గాజు, ప్లాస్టిక్, రబ్బరు, ఫ్యాక్టరీలో వాడే కరెంటు అన్నీ తోడైతే, మామూలు సైజు పెట్రోలు కారు ఒకటి తయారవడానికి అటూ ఇటుగా 6 నుంచి 10 టన్నులు. 7 అనే అనుకుందాం. కిలోమీటరుకు 38 గ్రాముల చొప్పున ఆ 7 టన్నులు తీరాలంటే 1,84,000 కిలోమీటర్లు తిరగాలి! పెట్రోలును తవ్వి, శుద్ధి చేసి, బంకు దాకా చేర్చడంలో అయ్యే పొగను కూడా కలిపితే ఇది లక్షన్నరకు దిగుతుంది. ఏడాదికి పదివేలు తిరిగేవాళ్లకు అప్పుడు కూడా పదిహేనేళ్లు. అంటే బాకీ తీరేసరికి ఆ కొత్త కారే పాతదైపోతుంది. పెట్రోలు కారు ఇచ్చి పెట్రోలు కారు తీసుకోవడం పర్యావరణం కోసమే అయితే, నా దృష్టిలో అది దండగ.

ఎలక్ట్రిక్ కారు దగ్గర లెక్క మారుతుంది. బ్యాటరీ వల్ల తయారీ భారం ఇంకో నాలుగైదు టన్నులు పెరుగుతుంది, మొత్తం 12 అనుకోండి. వంద కిలోమీటర్లకు 16 యూనిట్ల కరెంటు తాగుతుంది. ఆ కరెంటు పూర్తిగా బొగ్గుదైతే యూనిట్‌కు 900 గ్రాములు, అంటే కిలోమీటరుకు 144 గ్రాములు. నా పాత కారుకీ దానికీ తేడా దాదాపు లేనట్టే. అదే నీటి నుంచీ గాలి నుంచీ ఎండ నుంచీ ఎక్కువగా వచ్చే కరెంటైతే, యూనిట్‌కు 100 గ్రాములు పడినా కిలోమీటరుకు 16 గ్రాములే. అప్పుడు 88,000 కిలోమీటర్లకు బాకీ తీరిపోతుంది, ఆపైన తిరిగినదంతా లాభమే. ఏడాదికి పాతికవేలు తిరిగే ట్యాక్సీ అయితే నాలుగేళ్లలోపే ఆ గీత దాటుతుంది. అలాంటివాళ్లు ఆలస్యం చేయకుండా మారాలి. ఆదివారం మాత్రమే బయటికి తీసే కారుకు ఆ తొందర లేదు.

ఇక్కడి దాకా మాట్లాడింది వాతావరణాన్ని వేడెక్కించే వాయువు గురించే. పక్కనుంచి నడిచివెళ్లే మనిషి ముక్కులోకి పోయే పొగ సంగతి వేరు, అందులో మరీ పాత కార్లకు మార్కులు పడవు. కారు కింద, పొగ గొట్టం దారిలో క్యాటలిటిక్ కన్వర్టర్ ఉంటుంది. దాన్ని కోసి చూస్తే లోపల తేనెతుట్టె లాంటి పింగాణీ దిమ్మ, సన్నని గదుల గోడలకు ప్లాటినం, పల్లాడియం, రోడియం పూత. బాగా వేడెక్కాక కార్బన్ మోనాక్సైడ్, కాలని పెట్రోలు ఆవిరి, నైట్రోజన్ ఆక్సైడ్లు నూటికి తొంభై పాళ్లు అక్కడే ఆగిపోతాయి. అది లేని కాలపు కారైనా, ఉండీ పాడైపోయిన కారైనా, నీలం పొగ వదులుతూ ఇంజిన్ ఆయిల్ తాగుతున్న కారైనా బాగు చేయించాలి. బాగుపడదంటే వదిలేయాలి. పిల్లల ఊపిరితిత్తుల ముందు నా 7 టన్నుల లెక్క నిలబడదు.

పాత కారును వదిలేయడం అంటే ఏమిటన్నది కూడా చూడాలి. అమ్మితే అది మాయమైపోదు, ఇంకొకరు నడుపుతారు. వాళ్లు అంతకంటే ఘోరమైన బండిని పక్కన పెడితే మంచిదే, లేదంటే రోడ్డు మీద ఒక కారు పెరిగినట్టే. అమెరికాలో 2009లో ప్రభుత్వమే డబ్బులిచ్చి సుమారు 6,77,000 పాత బళ్లను తుక్కు చేయించింది. మళ్లీ రోడ్డెక్కకుండా ఇంజిన్లో ఆయిల్ తీసేసి, సోడియం సిలికేట్ ద్రావణం పోసి, బిగుసుకుపోయేదాకా స్టార్టింగ్‌లోనే ఉంచారు. వేడికి నీరు ఇగిరిపోయి లోపల గాజులా గడ్డకట్టేది. ఎక్కువ పెట్రోలు తాగే బళ్లనే ఎంచారు, నిజమే. అయినా చక్కగా తిరుగుతున్న ఇంజిన్‌ను అలా చంపడం తలచుకుంటే నాకు ప్రాణం ఉసూరుమంటుంది.

పాతది ఉంచుకునేవాళ్లు ఏసీ గ్యాస్ మాత్రం మర్చిపోవద్దు. చాలా కార్లలో ఉండే ఆర్-134ఏ, వందేళ్ల లెక్కన, కార్బన్ డయాక్సైడ్ కంటే దాదాపు 1,400 రెట్లు వేడి పుట్టిస్తుంది. అరకిలో కారిపోతే 300 లీటర్ల పెట్రోలు కాల్చినట్టు. చల్లదనం తగ్గినప్పుడల్లా గ్యాస్ పట్టించి పంపేస్తారు. ముందు లీకేజీ ఎక్కడో వెతికించండి. నా కారులో అది ఒక చిన్న రబ్బరు రింగు, వేలి ఉంగరమంత.

నా కారు ఏడాదికి ఆరువేలు తిరుగుతుంది, పొగ పరీక్షలో శుభ్రంగా నెగ్గుతోంది. కాబట్టి ఉంచుకుంటున్నాను. రోజూ అరవై డెబ్భై కిలోమీటర్లు వెళ్లాల్సిన ఉద్యోగం వస్తే మాత్రం నా కాగితం మీది ఎలక్ట్రిక్ కారు లెక్క మళ్లీ వేస్తాను. ఆ కాగితం డాష్‌బోర్డు అరలోనే పెట్టుకున్నాను.