ఎనిమిదేళ్ల డయాలసిస్: ఉద్దానం నుంచి ప్రభుత్వ వైద్యంపై ఒక సమీక్ష

మా అమ్మ కిడ్నీలు పాడై, యంత్రంతో రక్తం శుభ్రం చేసే డయాలసిస్ మీద 2017 జనవరి నుంచి ఉంది. వారానికి రెండుసార్లు, ఒక్కోసారి నాలుగు గంటల చొప్పున, ఈ ఎనిమిదేళ్లలో ఆమె ఎనిమిది వందలకు పైగా సార్లు ఆ యంత్రం పక్కన పడుకుంది. ఇన్నిసార్లలో ఒక్కసారి కూడా డయాలసిస్‌కని మా దగ్గర డబ్బు అడగలేదు. నేను ఇక్కడ రాయబోయే లోపాలన్నీ ఈ మాటను మనసులో ఉంచుకుని చదవాలని కోరుతున్నాను, ఎందుకంటే పలాసలో జీడిపిక్కలు కొట్టి బతికిన మనిషికి సొంత ఖర్చుతో ఈ వైద్యం ఒక ఏడాది కూడా సాగేది కాదు.

మాది శ్రీకాకుళం జిల్లా మందస మండలం, కిడ్నీ జబ్బు ఎక్కువగా ఉన్న ఉద్దానం ప్రాంతం. కవిటి, సోంపేట, కంచిలి, వజ్రపుకొత్తూరు వైపు ఎవరిని కదిపినా క్రియాటినిన్ అనే మాట తెలుసు, రక్తంలో అది పెరిగితే కిడ్నీలు దెబ్బతింటున్నట్టు. నీళ్లని కొందరు, పురుగుమందులని కొందరు, ఎండలో ఒళ్లు ఆరిపోయే పని అని మరికొందరు అంటారు గానీ, ఈ జబ్బుకు కారణం ఇదీ అని ఇప్పటికీ తేలలేదు.

పేదలకు ఉచితంగా వైద్యం చేయించే ఆరోగ్యశ్రీ పథకం 2007లో మొదలైనప్పుడు తొలి విడత జిల్లాల్లో మా శ్రీకాకుళం కూడా ఉంది. ఆ తర్వాత ప్రభుత్వాలు మారినప్పుడల్లా పథకం ఎన్టీఆర్ వైద్యసేవ అయింది, వైఎస్సార్ ఆరోగ్యశ్రీ అయింది, మళ్లీ ఎన్టీఆర్ వైద్యసేవ అయింది. పేరు మారిన ప్రతిసారీ కార్డు చెల్లుతుందో లేదోనని మేము భయపడ్డాము, కానీ డయాలసిస్ మాత్రం ఏ ప్రభుత్వంలోనూ ఆగలేదు. 2019లో డయాలసిస్ రోగుల పింఛను నెలకు 10,000 రూపాయలు అయ్యాక, రానుపోను ఛార్జీలకూ మందులకూ అప్పు చేయవలసిన అవసరం మా ఇంట్లో చాలావరకు తగ్గింది.

మొదటి నెలల్లో శ్రీకాకుళం వెళ్లేవాళ్లం. తెల్లవారుజామున పలాసలో రైలెక్కి, ఆమదాలవలసలో దిగి, అక్కడి నుంచి బస్సులో పట్నం చేరేవాళ్లం. తిరుగు ప్రయాణంలో అమ్మకు వాంతులయ్యేవి, ఇంటికి చేరేసరికి చీకటి పడేది, మర్నాడంతా మంచం మీదనే ఉండేది, ఆ మర్నాటికి కాస్త తేరుకుందనుకుంటే మళ్లీ రైలు వేళ దగ్గరపడేది. ఆ ఏడాదే దగ్గరి ప్రభుత్వాసుపత్రిలో డయాలసిస్ కేంద్రం పెట్టకపోతే ఆమె ఇన్నేళ్లు బతికేది కాదని నా గట్టి నమ్మకం. ఈ వ్యవస్థ మాకు చేసిన అన్నిటికన్నా పెద్ద మేలు యంత్రాన్ని ఊరి దగ్గరికి తీసుకురావడమే.

అక్కడ పనిచేసే టెక్నీషియన్ల గురించి మనస్ఫూర్తిగా మంచి మాట చెప్పాలి. ముందు బరువు చూస్తారు. "ఏటమ్మా, మూడు కేజీలు పెరిగినావు, నీళ్లు ఎక్కువ తాగీసినావేటి?" అని అడిగితే, "వేసవి కదా నాయనా, గొంతు ఆరిపోతంది" అని అమ్మ తలదించుకుంటుంది. తర్వాత ఆ అబ్బాయి ఆమె ఎడమచేతి ఫిస్టులా మీద, అంటే డయాలసిస్ సూదుల కోసం ఆపరేషన్ చేసి కలిపిన రక్తనాళం మీద, రెండు వేళ్లు ఆనించి, లోపల ఝుమ్మనే అదురు తగిలేదాకా ఉండి, అప్పుడు గానీ సూది గుచ్చడు. ఒకసారి అదురు తగ్గిందని అతను గమనించబట్టే ఫిస్టులా పూర్తిగా మూసుకుపోకముందే విశాఖపట్నం వెళ్లగలిగాము.

నమోదు దగ్గర మాత్రం మాకు ఎదురైన ఇబ్బంది చిన్నది కాదు. ఏళ్ల తరబడి జీడి రసం తగిలి అమ్మ వేళ్ల గీతలు అరిగిపోయాయి. యంత్రం వేలిముద్ర తీసుకోక ఒక ఉదయం రెండు గంటలు గడిచిపోయాయి, ఈలోగా ఆమె వంతు మరొకరికి వెళ్లిపోయింది. చివరకు ఆసుపత్రిలో పథకం నమోదు చూసే ఆరోగ్యమిత్ర తడిగుడ్డతో పది వేళ్లూ తుడిచి ఒక్కొక్కటే పెట్టి చూస్తే కుడిచేతి చిటికెన వేలు పలికింది. జీడిపని వాళ్లే ఎక్కువగా వచ్చే చోట వేలిముద్ర పడకపోతే ఏం చేయాలో ముందే ఏర్పాటు ఉండాలి.

రాత్రివేళ వైద్యం ఇంతకన్నా పెద్ద లోటు. ఒక రాత్రి ఊపిరితిత్తుల్లో నీరు చేరి అమ్మకు ఊపిరాడలేదు. 108 అరగంటలోపే వచ్చింది, దారంతా ఆక్సిజన్ ఇచ్చారు, ఆ సిబ్బందికి నేను ఎప్పటికీ రుణపడి ఉంటాను. కానీ మొదట చేరిన ఆసుపత్రిలో యంత్రాలున్నా రాత్రి వాటిని నడిపేవారు లేక, మళ్లీ మరో దూరపు ఆసుపత్రికి పంపించారు. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను వచ్చి, కొబ్బరిచెట్లు రోడ్లకు అడ్డంగా పడి, రోజుల తరబడి కరెంటు లేనప్పుడు ఆమెకు వరుసగా రెండు డయాలసిస్‌లు తప్పిపోయాయి. ముఖం, కాళ్లు ఉబ్బిపోయిన ఆమెను పడిపోయిన చెట్లను దాటించి మోసుకెళ్లాము. తుపానులు తరచూ వచ్చే తీరంలో, హెచ్చరిక రాగానే డయాలసిస్ రోగులను ఒకరోజు ముందే పిలిచి చేయడం అసాధ్యమేమీ కాదు.

రక్తం పెరగడానికి వేసే ఎరిత్రోపాయిటిన్ సూదిమందు కొన్ని నెలల్లో నిల్వ ఉండదు, అప్పుడు బయట కొనాలి. కిడ్నీ నిపుణుడు అమ్మను చూసిన సందర్భాలు ఈ ఎనిమిదేళ్లలో వేళ్ల మీద లెక్కపెట్టవచ్చు. 2023 డిసెంబరు 14న పలాసలో 200 పడకల ఆసుపత్రి, కిడ్నీ పరిశోధన కేంద్రం ప్రారంభమయ్యాయి, అదే రోజు హిరమండలం నుంచి వంశధార నీళ్లు తెచ్చే 700 కోట్ల తాగునీటి పథకమూ మొదలైంది. ఈ రెండూ మా ప్రాంతం ఎన్నో ఏళ్లుగా అడుగుతున్నవే, వచ్చినందుకు నిండు మనసుతో సంతోషించాను.

అయితే నన్ను అన్నిటికన్నా బాధపెడుతున్నది మా తమ్ముడి విషయం. వాడికి ముప్పై నాలుగేళ్లు, నిరుడు క్రియాటినిన్ 1.9 వచ్చింది. యంత్రం ఎక్కిన మనిషికి ఇంత చేసే పథకం, యంత్రం దాకా వెళ్లకుండా ఆపుకోవాలనుకునే వాడికి దాదాపు ఏమీ చేయడం లేదు, ఎందుకంటే వాడు ఆసుపత్రిలో చేరే రోగి కాడు, ఓపీకి వచ్చి వెళ్లేవాడు. ఊళ్లో ఏఎన్ఎం బీపీ చూసి మాత్రలు ఇస్తుంది, క్రియాటినిన్‌కు రక్తం తీయాలంటే పట్నం పోవాలి. నిపుణుడికి చూపించే రోజు కూలీ పోతుంది, ఆయన రాసిన మందుల్లో సగం బయటే కొంటున్నాము. ఒళ్లునొప్పులకు వాడు రోజూ మింగిన నొప్పిబిళ్లలు కిడ్నీకి చేటని అమ్మ డయాలసిస్ గదిలోనే మాకు తెలిసింది, ఊళ్లో అంతకుముందు ఎవరూ చెప్పలేదు. ఇప్పుడు అమ్మను తీసుకెళ్లిన రోజుల్లోనే, మూడు నెలలకోసారి, వాడికీ పక్క ల్యాబులో రక్తం ఇప్పిస్తున్నాను. పోయిన నెల 2.1 వచ్చింది.