4 జీబీ అన్నారు, లోపల ఉన్నది 2 జీబీ: వీపీఎస్ కొనేవాళ్లు జాగ్రత్త

మాది నల్లగొండ. మిర్యాలగూడలో ఒక రైస్ మిల్లుకు కాంటా లెక్కలు, బిల్లుల సాఫ్ట్‌వేర్ జావాలో రాసిచ్చాను. దానికోసం 4 జీబీ ర్యామ్ అని చెప్పిన చౌక వీపీఎస్ (నెట్‌లో అద్దెకిచ్చే సర్వర్) తీసుకుని, తగ్గింపు వస్తుందని ఏడాది డబ్బులు ఒకేసారి కట్టేశాను. మీరు ఆ పని చేయొద్దు.

యాసంగి కోతలప్పుడు ఒక పొద్దున సర్వర్ రీస్టార్ట్ చేస్తే టామ్‌క్యాట్ (నా జావా ప్రోగ్రామ్‌ను నడిపే సాఫ్ట్‌వేర్) లేవలేదు. "కుడ్ నాట్ రిజర్వ్ ఎనఫ్ స్పేస్ ఫర్ ఆబ్జెక్ట్ హీప్" అని ఒకటే ఎర్రర్. హీప్ అంటే జావా తన డేటా కోసం పక్కన పెట్టుకునే మెమొరీ, దానికి చాలినంత చోటు దొరకలేదని ఆ ఎర్రర్ అర్థం. హీప్‌కు నేను పెట్టింది 2 జీబీ. మెమొరీ ఎంతుందో చూపే ఫ్రీ కమాండ్ కొడితే మొత్తం 4 జీబీ అనే చూపిస్తోంది. బయట కాంటా మీద వడ్ల ట్రాక్టర్, దాని వెనక పెద్ద లైను. గుమస్తా చీటీలు చేత్తో రాస్తున్నాడు. "మా తూకం ఎక్కిందా సార్?" అని ఒక రైతు రెండుసార్లు వచ్చి అడిగాడు. ఏం చెప్పాలో తెలియలేదు.

హీప్ 1 జీబీకి తగ్గిస్తే లేచింది గానీ, మధ్యాహ్నం రద్దీకి కొత్త థ్రెడ్ (ప్రోగ్రామ్‌లో ఒకేసారి నడిచే పనుల్లో ఒకటి) పెట్టలేనంటూ మళ్లీ పడిపోయింది.

ఫిర్యాదు టికెట్ పెడితే అమ్మినవాళ్ల జవాబు: "మీ కోడ్‌లో మెమొరీ లీక్ ఉంది, పెద్ద ప్లాన్ తీసుకోండి." లీక్ అంటే ప్రోగ్రామ్ తీసుకున్న మెమొరీని తిరిగి వదలకపోవడం. నమ్మి రెండు రాత్రులు కోడ్ అంతా వెతికాను. మీకూ ఇదే మాట చెబుతారు, నమ్మకండి. లీక్ అయితే ప్రోగ్రామ్ లేస్తుంది, కొంతసేపు నడుస్తుంది, తర్వాత "జావా హీప్ స్పేస్" అనే వేరే ఎర్రర్‌తో ఆగుతుంది. నాది అసలు లేవనే లేదు. నా కోడ్ అప్పటికి ఒక్క లైను కూడా నడవలేదు.

అసలు సంగతి ప్రాక్ ఫోల్డర్‌లోని యూజర్ బీన్‌కౌంటర్స్ ఫైల్లో దొరికింది. ఓపెన్‌వీజెడ్ రకం సర్వర్లలో ఒకే కెర్నల్ (ఆపరేటింగ్ సిస్టమ్ మూలభాగం) మీద చాలామందిని నడుపుతారు, ఎవరికెంత అన్న లెక్క ఆ ఫైల్లో ఉంటుంది. ప్రివ్‌వీఎంపేజెస్ వరుసలో నా లిమిట్ 524288. ఒక్కో పేజీ 4 కేబీ. గుణిస్తే సరిగ్గా 2 జీబీ! చివరి గడిలో ఫెయిల్‌కౌంట్ 317, అంటే అన్నిసార్లు మెమొరీ అడిగితే లేదన్నారు. పైగా ఆ వరుసలో పడేది వాడిన మెమొరీ కాదు, అడిగి తీసుకున్నదంతా. డేటాబేస్ మైఎస్‌క్యూఎల్‌కు పోగా 2 జీబీ హీప్ ఎక్కడ పడుతుంది?

కొనేముందు ఓపెన్‌వీజెడ్డా, కేవీఎమ్మా (ఒక్కొక్కరికి విడి కెర్నల్ ఉండే రకం) అని రాతపూర్వకంగా అడగండి. మొదట ఒక నెలకే కట్టండి. సర్వర్ చేతికి రాగానే ఎక్స్ఎంఎస్, ఎక్స్ఎంఎక్స్ (హీప్ మొదటి సైజు, గరిష్ఠ సైజు) రెండూ మీకు కావాల్సిన సైజు పెట్టి, ఉత్త జావా వెర్షన్ కమాండ్ నడపండి. అదే లేవకపోతే వెంటనే వాపసు అడగండి. ఓపెన్‌వీజెడ్ అయితే ఆ ఫైలు కూడా చూడండి. కొన్నిట్లో లిమిట్ ఫిజ్‌పేజెస్ వరుసలో ఉంటుంది.

ఇప్పుడు వేరేచోట 4 జీబీ కేవీఎం తీసుకున్నాను. అదే కోడ్, అదే 2 జీబీ హీప్, ఏమీ మార్చకుండా నడుస్తోంది. పాతవాళ్లు ఇంకా డబ్బులు వాపసు ఇవ్వలేదు. నేను గట్టిగా అడిగిన మర్నాడే లాగిన్ ఆపేశారు. ఆ ఫైల్‌ను ముందే ఫొటో తీసి పెట్టుకున్నాను కాబట్టి నా దగ్గర రుజువు ఉంది, మీరూ తీసి పెట్టుకోండి.